పిల్లలకు నేను పంచిన ప్రశ్నలు

నేను చదివింది ఐదో తరగతి. అదీ పరీక్ష రాశాను గానీ, ఫలితం చూసుకోవడానికి వెళ్ళలేదు. అప్పటికే మా నాయిన నన్ను పొలం పనికి తోలాడు. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మా ఇంటి మేడ మీద అద్దెకుండే అనూష కొంపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో కొత్తగా టీచరుగా చేరింది. మొన్నొక సాయంత్రం మెట్ల మీద కూర్చుని తల పట్టుకుంది.

"ఆంటీ, లెసన్ ప్లాన్‌ల లక్ష్యం రాయాలంట. పిల్లలు సొంతంగ ఆలోచించాలె, ప్రశ్నించాలె, గట్ల. కృత్యం గూడ రాయాలె. నువ్వు గిదే పని జేసినవ్ గదా, ఎట్ల రాయాలె?"

"రాసుడు ఎంతసేపే బిడ్డా. నేను మస్తు రాసిన."

"మరి చెప్పు."

చెప్పలేకపోయాను. పొయ్యి మీద పాలు ఉన్నాయని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ పిల్లకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. జీతాలు, ట్రాన్స్‌ఫర్లు, మీటింగులు రాయను. వాటితో మీకు పని లేదు.

పనిలో ఎట్లా చేరాను

మాది లాల్‌గడి మలక్‌పేట్. నన్ను రావల్కోల్‌కు ఇచ్చారు. తొంభైల్లో మా చుట్టుపక్కల అంతా ద్రాక్ష తోటలు. ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతిన చోట అప్పుడు పందిళ్ళు ఉండేవి. ఆ తోటల్లో పెద్దవాళ్ళకంటే పిల్లలకే పని ఎక్కువ దొరికేది. పిందె పట్టాక గుత్తిని పలచన చెయ్యాలి. అంటే గుత్తి లోపలికి చిన్న కత్తెర పోనిచ్చి కొన్ని పిందెలు కత్తిరించాలి, అప్పుడే మిగిలినవి లావవుతాయి. పెద్ద వేళ్ళు లోపలికి పోవు. ఆడపిల్లల వేళ్ళు పోతాయి. ఆ తర్వాత ఒక్కొక్క గుత్తిని మగ్గులో కలిపిన మందు నీళ్ళలో ముంచి తియ్యాలి. చేతులు ఎత్తి ఎత్తి సాయంత్రానికి భుజాలు పడిపోతాయి.

అట్లాంటి పిల్లలను పని మాన్పించి, ఒక ఏడాది చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో సర్కారు బడిలో చేర్పించడానికి ఒక సంస్థ వాళ్ళు మా ఊళ్ళో సెంటరు పెట్టారు. మా చర్చి పక్కన రేకుల షెడ్డు ఉంటే అందులోనే. డిగ్రీ చదివినవాళ్ళు ఊళ్ళో లేరు, ఉన్నా ఈ పనికి రారు. నేను చర్చిలో ఆదివారం పిల్లలకు వాక్యాలు నేర్పేదాన్ని. పాస్టరమ్మ నా పేరు చెప్పింది.

అక్కడ ఉంది చూడండి నా రోగం. ఆదివారం క్లాసులో నేను చేసింది కంఠతా చెప్పించడం. నేను ఒక ముక్క అంటే పిల్లలు ఒక ముక్క అనాలి. ఎవరు పొల్లు పోకుండా చెబితే వాళ్ళకు బిస్కెట్. చదువు అంటే నాకు తెలిసింది అదే. దాన్నే ఎత్తుకుని సెంటరులోకి వచ్చాను.

శారద మేడం నేర్పింది

మాకు ట్రైనింగు ఇచ్చిన శారద మేడం చిన్న వయసు మనిషి. పట్నం నుంచి బస్సులో వచ్చి మాతో పాటు నేల మీద కూర్చునేది. మొదటి రోజు ఒక పాఠానికి లక్ష్యం రాయమంది. నేను "పిల్లలు ఆకుల గురించి తెలుసుకుంటారు" అని రాశాను. నా రాతను అందరి ముందు చదివింది.

"సుగుణమ్మా, తెలుసుకున్నారని మీకెట్లా తెలుస్తుంది? తెలివి కంటికి కనబడుతుందా?"

"కనబడదు మేడం."

"కనబడేది రాయండి. పాఠం అయ్యాక పిల్ల ఏం చేసి చూపిస్తుంది? వేరు చేస్తుందా, పోలుస్తుందా, కారణం చెబుతుందా, ఎదురు ప్రశ్న వేస్తుందా? అది రాయండి."

ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు కూడా ఇంతకంటే మంచి మాట నేను చెప్పలేను. ఆ మేడం చెప్పింది బంగారం. దాన్ని నేనే పాడు చేసుకున్నాను.

ఆమె నేర్పిన ఒక కృత్యం చెబుతాను. పిల్లలు రకరకాల ఆకులు తెచ్చి రెండు కుప్పలు పెట్టాలి. ఎట్లా పెట్టాలో టీచరు చెప్పకూడదు. పెట్టాక ఎందుకు అట్లా పెట్టారో వాళ్ళు చెప్పాలి. లక్ష్యం కూడా అదే: "తన పద్ధతికి కారణం చెబుతుంది." నేను అచ్చం అట్లానే రాసుకుని సెంటరులో చేయించాను. పిల్లలు పెద్ద ఆకులు ఒక పక్క, చిన్నవి ఒక పక్క పెట్టారు. యాదమ్మ అనే పిల్ల మాత్రం వేరేగా పెట్టింది. దాని కుప్పల్లో పెద్దవీ చిన్నవీ కలిసే ఉన్నాయి.

"గిట్ల కలిపేసినవేందే? తప్పు."

"తప్పు గాదు టీచరమ్మా. గివి తెంపితే పాలు కార్తయి. గవి కారయి."

"మస్తు తెలివి. పెద్దయి, చిన్నయి పెట్టు. అందరు పెట్టలే?"

అది కుప్పలు మార్చింది. జిల్లేడాకు పాలు వేళ్ళకు అంటుకుంటే పావడాకు తుడుచుకుంది. "కారణం చెబుతుంది" అని నా చేత్తోనే రాశాను. చెబితే తప్పు అన్నాను. నేను రాసుకున్న పేజీలో చివర "ఆశించిన జవాబు" అని ఒక గడి ఉండేది. అందులో పెద్దవి, చిన్నవి అని ఉంది. నాకు ఆ గడి ఒక్కటే కనబడింది.

ప్రశ్నలు పంచడం

యాదమ్మకు అప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయి. దాని తల్లి పోశమ్మను ఒప్పించడానికి నేను వాళ్ళ వాకిట్లో చాలాసార్లు కూర్చున్నాను. చివరికి ఆమె ఒక్క మాట మీద ఒప్పుకుంది.

"ఒక్క ఏడే పంపుత సుగుణక్కా. ఎండకాలం పొయినంక పెద్ద బడిల ఏస్తే ఏసినట్టు. లేకుంటే నా ఎంబడి తోటకే. రెండో ఏడు అనొద్దు."

"ఎయ్యకపోతె నన్నడుగు," అన్నాను.

వేసవిలో పట్నం నుంచి పెద్దవాళ్ళు చూడడానికి వస్తారని కబురు వచ్చింది. పిల్లలతో మాట్లాడి ఎవరు సర్కారు బడికి పోవడానికి తయారుగా ఉన్నారో వాళ్ళే తేలుస్తారట. మా మండలానికి సూపర్‌వైజరు నర్సింహులు సారు. రిటైరైన హెడ్‌మాస్టరు. చెడ్డ మనిషి కాదు. పిల్లల పేర్లు అన్నీ గుర్తుండేవి ఆయనకు. కానీ జీవితమంతా ఇన్‌స్పెక్షన్లకు భయపడి బతికిన మనిషి. మోపెడ్ దిగకుండానే చెప్పాడు.

"సుగుణమ్మా, ఒచ్చేటోళ్ళు ఎక్కాలడగరు. పిల్లలు ప్రశ్నలడుగుతున్రా లేదా, గదే జూస్తరు. ప్రశ్నలు రావాలె."

"ప్రశ్నలెట్ల ఒస్తయి సార్? మా పిల్లలు కొత్తోళ్ళను జూస్తే నోరు తెర్వరు."

"నోరు తెరిపిచ్చుడే నీ పని. తయారు జెయ్."

తయారు చెయ్ అంటే నాకు ఒక్కటే దారి తెలుసు. ఇంట్లో కూర్చుని ప్రశ్నలు రాశాను. వాన ఎందుకు పడుతుంది, ఆకు ఎందుకు పచ్చగా ఉంటుంది, మనం నడిస్తే చంద్రుడు ఎందుకు వెంట వస్తాడు. పొద్దున ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇచ్చాను, ఆదివారం క్లాసులో వాక్యాలు ఇచ్చినట్టే. ఎవరి ప్రశ్న వాళ్ళు కంఠతా పట్టాలి. ఎవరి తర్వాత ఎవరు లేవాలో కూడా చెప్పాను. సందేహం వచ్చినట్టు మొహం పెట్టమని కూడా నేర్పాను. రాస్తుంటే ఇప్పుడు చెవులు కాలుతున్నాయి.

సారుకు ఇష్టమైన ప్రశ్న ఒకటి ఉండేది: "ఆడపిల్లలు బడికి ఎందుకు పోవాలి?" బాగా పలుకుతుందని దాన్ని యాదమ్మకు ఇచ్చాను. రెండు రోజులు చెప్పింది. మూడో రోజు ఆగిపోయింది.

"టీచరమ్మా, గీ ప్రశ్నకు జవాబు నాకెరికే. ఎరికె గాబట్టే ఒచ్చిన. ఎరికైనదాన్ని మల్ల ఎందుకడగాలె?"

పిల్లలు నవ్వారు. నాకు కోపం వచ్చింది.

"ఎందుకు ఎందుకు అని నా పానం దియ్యకు. నీ ప్రశ్న నువ్వడుగు."

నేనన్న ఆ మాటలో ఏముందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంటికి పోయి మా ఆయనకు చెబితే ఆయన పడీపడీ నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో కూడా నాకు అర్థం కాలేదు.

వాళ్ళు వచ్చిన రోజు

జీపులో ముగ్గురు వచ్చారు. వాళ్ళలో తెల్లజుట్టు మేడం పెద్ద. మొదటి పిల్ల లేచి వాన గురించి అడిగింది. రెండోవాడు ఆకు గురించి. మూడోవాడు చంద్రుడి గురించి. వరసగా లేస్తున్నారు, కూర్చుంటున్నారు. మొదట వాళ్ళకు ముచ్చటేసింది. నాలుగో పిల్ల లేచేసరికి మేడం మొహంలో నవ్వు ఆగింది. యాదమ్మ కూడా తన ప్రశ్న పొల్లు పోకుండా చెప్పి కూర్చుంది.

మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది. "చాలా బాగా అడిగావు. ఇంకేమైనా అడగాలని ఉందా? నీ సొంతది. ఏదైనా సరే."

యాదమ్మ నోరు తెరిచింది. దానికి ఏదో అడగాలని ఉంది. అది దాని కళ్ళలో నాకు కనబడింది. అడిగే ముందు అది నా మొహం చూసింది.

నేను తల అడ్డంగా ఊపాను.

ఏం భయమంటే, ఇది అందరి ముందు ఏం అడుగుతుందో అని. ఎరికైనదాన్ని ఎందుకు అడగాలె అంటుందేమో, ప్రశ్నలు మా టీచరమ్మే ఇచ్చింది అంటుందేమో అని. చాలా చిన్నగా ఊపాను. పక్కనున్న సారుకు కూడా కనబడలేదు. దానికి కనబడింది.

"లేదు మేడం," అని కూర్చుంది.

ఒక వారం తర్వాత నర్సింహులు సారు వచ్చి ఎవరెవరు బడికి పోతారో చెప్పాడు. యాదమ్మ పేరు చెప్పలేదు.

"గా పిల్ల ఇంకో ఏడు ఈడనే ఉండాలంట. సొంతంగ అడగమంటే లేదన్నదంట గదా. ఆలోచన రాలేదింకా అన్నరు."

నా నోట్లో మాట ఉంది. సార్, అది కాదు, దాన్ని ఆపింది నేను అని. ఒక్క ముక్క. చెబితే నా ఉద్యోగం పోతుందని కూడా కాదు, సారు నన్ను ఎట్లా చూస్తాడో అని. పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తారు అని నెలల తరబడి రాసిన మనిషిని, నేను అనగలిగింది ఇది:

"సరే సార్."

పోశమ్మకు నేనే చెప్పాలి. చెప్పాను. ఆమె తిట్టలేదు. "రెండో ఏడు అనొద్దని జెప్పిన గదక్కా" అని మాత్రం అంది. తెల్లారి నుంచి యాదమ్మ తోటకు పోయింది.

తోటలో

వానాకాలమంతా నేను ఆ తోట దారిన పోలేదు. చర్చికి కూడా చుట్టు తిరిగి పోయేదాన్ని. ఆగలేక చలికాలంలో శారద మేడంకు అంతా చెప్పేశాను. ఆమె తిడితే బాగుండేది. "పదండి" అంది. సర్కారు బడి హెడ్‌మాస్టరుతో మాట్లాడి, ఏడాది మధ్యలోనైనా చేర్చుకునేట్టు ఒప్పించి, నన్ను వెంటబెట్టుకుని తోటకు వచ్చింది.

గుత్తులు ముంచే పని నడుస్తోంది. యాదమ్మ చేతిలో మగ్గు ఉంది. పొడుగయింది. శారద మేడం బడి సంగతి చెప్పింది. పోశమ్మ మగ్గు కింద పెట్టి మా వైపు తిరిగింది.

"రమ్మన్నరు, ఒచ్చింది. పనికి రాదన్నరు, పొయింది. మల్ల రమ్మంటున్రు. ఏందమ్మా, నా పిల్ల ఏమన్న మ్యాకనా?"

"తప్పు పిల్లది కాదు పోశమ్మా," అంది శారద మేడం. "మాదే."

"మీదంటె ఎవరిది?"

శారద మేడం నా వైపు చూడలేదు. నేనే చెప్పాను. "నాది. గా పెద్ద మేడం అడగమన్నప్పుడు నేనే వద్దన్న. తలకాయ ఊపిన."

పోశమ్మ బిడ్డను చూసింది. "అవునే?"

"అవునమ్మా. నేను జూసిన గద."

"మరి ఇన్ని దినాలు నాకు జెప్పకపోతివి?"

యాదమ్మ ఇంకో గుత్తిని మగ్గులో ముంచింది. నేను దాని దగ్గరికి పోయి అడిగాను.

"ఆ దినం ఏం అడుగుదామనుకున్నవ్ బిడ్డా?"

"యాదికి లేదు టీచరమ్మా."

నిజంగా గుర్తు లేదో, నాకు చెప్పదలుచుకోలేదో. శారద మేడం బడికి వస్తావా అంటే తల ఊపింది, రాను అని. ఎందుకు అంటే, "నా తోటోళ్ళు ఒక్క తరగతి ముందుకు వోతరు. నేను ఎనక గూసోను" అంది. ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. పోశమ్మ కూడా బలవంతం చెయ్యలేదు. వచ్చేటప్పుడు మాత్రం వెనక నుంచి పిలిచింది.

"సుగుణక్కా, చిన్నది స్వరూప ఉంది. దాన్ని తోలుత తియ్. దీనికి జేసినట్టు దానికి జెయ్యకు."

స్వరూప వచ్చాక

స్వరూప అక్కలాంటి పిల్ల కాదు. మెత్తన. ఏది అడిగినా ముందు నా మొహం చూసేది. చూసి, నా కనుబొమ్మలు ఎట్లా ఉన్నాయో దాన్ని బట్టి జవాబు చెప్పేది. ఒక్క స్వరూపే కాదు, మా పిల్లలందరూ అంతేనని అప్పుడు చూశాను. జవాబు పుస్తకంలో లేదు, బోర్డు మీద లేదు, నా మొహం మీద ఉంది. వాళ్ళు చదువుతున్నది నా మొహాన్ని.

అందుకని కృత్యం నడిచేటప్పుడు పిల్లల వెనక కూర్చోవడం మొదలుపెట్టాను. గోడకు ఆనుకుని, వాళ్ళకు నేను కనబడకుండా. మొదట్లో మెడలు తిప్పి తిప్పి చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేర్చుకున్నారు. అక్కడి నుంచి తగువులు మొదలయ్యాయి. "గట్లెట్లయితది?" "మరి నువ్వు జెప్పు!" అని. షెడ్డంతా గోల. నర్సింహులు సారు ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"టీచరేది?"

"ఈడున్న సార్."

"ఎనక గూసున్నవేందమ్మా, పెండ్లి పందిట్ల ముసలవ్వ లెక్క?"

"నేను ముందటుంటే వాళ్ళు ఆలోచిస్తలేరు సార్."

ఆయన తల గోక్కున్నాడు. వద్దనలేదు, బాగుందనీ అనలేదు. "ఎవరన్న ఒస్తే మాత్రం ముందట గూసో" అని మోపెడ్ ఎక్కాడు.

"ఆశించిన జవాబు" గడిని ఖాళీగా వదిలేసేదాన్ని. క్లాసు అయ్యాక పిల్లలు నిజంగా ఏమన్నారో అందులో రాసేదాన్ని. ఖాళీగా ఉందని మాట పడ్డ రోజులు ఉన్నాయి.

ఇదంతా విని నేను మారిపోయానని అనుకోకండి. వెనక కూర్చుని కూడా దగ్గు దగ్గేదాన్ని, తప్పు జవాబు వస్తే. పిల్లలు ఆ దగ్గును కూడా పట్టేశారు. పనిలో ఉన్నంత కాలం నాకు నా మొహంతోనే కొట్లాట. ఇంట్లో మనవరాలు ఏదైనా అడిగితే ఇప్పటికీ ముందు నా కనుబొమ్మలే లేస్తాయి.

అనూషకు, అనూష లాంటివాళ్ళకు

లక్ష్యం రాయడం కష్టం కాదు. శారద మేడం చెప్పినట్టు కంటికి కనబడే పని రాయండి. పిల్ల కారణం చెబుతుంది, రెండింటిని పోలుస్తుంది, ఒప్పుకోనని చెబుతుంది. రాసే ముందు ఒక్కటి అనుకోండి: పిల్ల నిజంగానే ఆ పని చేస్తే, నా ముందే, నాకు వ్యతిరేకంగానే చేస్తే, నేను తట్టుకుంటానా? తట్టుకోలేకపోతే ఆ లక్ష్యం రాయకండి. ఎక్కాలు చెప్పండి, అది కూడా మంచి పనే. రాసి, పిల్లకు ఆశ పెట్టి, నోరు తెరిచాక మూయించడం మాత్రం పాపం. అసలు ఏమీ అడగమనకపోయినా ఇంత నష్టం ఉండదు.

పెద్దవాళ్ళు చూడడానికి వస్తే పిల్లలను తయారు చెయ్యకండి. ఉద్యోగం పోతుందేమో అంటారు. పోవచ్చు. నాది పోలేదు, ఏళ్ళ తరబడి ఉంది. ఉన్నందుకు సంతోషంగా ఏమీ లేను.

స్వరూప పదో తరగతి దాకా చదివింది. అది నా గొప్ప అని చెప్పుకోను, దాని తల్లిది.

తర్వాత తోటలు కొట్టేశారు. ప్లాట్లు వచ్చాయి. ఊళ్ళో పిల్లలందరూ బడికే పోతున్నారని సెంటరు కూడా తీసేశారు. యాదమ్మకు పెళ్ళయింది. కొంపల్లిలో విల్లాల్లో ఇంటి పనులు చేస్తుంది. పొద్దున మేడ్చల్ బస్టాండులో అప్పుడప్పుడు ఎదురవుతుంది. నన్ను చూసి తప్పుకుని పోదు. దగ్గరికే వస్తుంది.

"మంచిగున్నవా టీచరమ్మా?"

"మంచిగున్న బిడ్డా. నువ్వు?"

"మంచిగనే ఉన్న."

బస్సు వచ్చేదాకా ఇద్దరం పక్కపక్కనే నిలబడతాం. ఇంకేమన్నా అడుగుతుందేమో అని నేను ఎదురుచూస్తాను, మొహం అటు తిప్పుకుని, దానికి అడ్డం రాకుండా. బస్సు వస్తుంది. పోతుంది. ఏమీ అడగదు.